డంకన్న తాత గుర్రం

ముందే చెప్పేస్తున్నాను, నేను కాస్త పెంచి చెబుతాను. కాస్త అన్నది కూడా తగ్గించి చెప్పిన మాటే. "ఒళ్ళు కాలిపోతోంది, ఇక నేను దక్కను" అంటే మా ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పదు. ఎప్పుడైనా "కొంచెం నలతగా ఉంది" అన్నానో, అప్పుడు కంగారుపడి చెప్పులు వేసుకుంటుంది. తప్పు నాది కాదు, నా ఉద్యోగానిది. దోహాలో లేచే భవనాలకు ఎంత ఇనుము పట్టింది, ఎంత సిమెంటు పట్టింది అని కొలిచే పని నాది. పగలంతా వెంట్రుకవాసి తేడా రాకుండా కొలిచి కొలిచి ఇంటికొస్తానా, ఆ బిగుతంతా నోటి దారిన సడలుతుంది. కాబట్టి ఈ రాతలో మీసం పొడుగ్గానో, ఎండ తీవ్రంగానో కనిపిస్తే మీ ఇంటి కొలతలకు సరిపోయేటట్టు మీరే తగ్గించుకోండి. తగ్గించడానికి వీల్లేనిది ఒక్కటే ఉంది. ఈ వేసవిలో ఆయన పోయాడు.

ఆయనంటే కడప వైపు నుంచి వచ్చిన ఇంటి డ్రైవరు. పేరు చెప్పను. బతికున్నన్నాళ్ళూ మేమెవరం వాడని పేరు ఇప్పుడు బయటికి తీసి ఏం లాభం? నాకు, మా ఫ్రెండ్స్‌కు "అన్న". మా ఆవిడకు "అన్నయ్య". ముందు మీసం వచ్చేది, కాసేపటికి మనిషి వచ్చేవాడు. అల్ హిలాల్‌లో మా ఫ్లాటు లిఫ్టులో ఆయన ఎక్కితే మీసానికి చెరోవైపు ఒకరు సర్దుకుని నిలబడాల్సి వచ్చేది.

పరిచయం ఒక ట్రాఫిక్ జామ్‌లో జరిగింది. మా కంపెనీలో సలహాదారుగా ఒక ముసలి స్కాట్లాండు ఇంజనీరు ఉండేవాడు. దోహాలో రోడ్లకంటే ఇసుకే ఎక్కువగా ఉన్న రోజుల్లో చమురు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మదీనత్ ఖలీఫాలో విల్లా. భార్య పోయింది. పిల్లల్లేరు. ఆయనకు ఈ లోకంలో ఉన్నదల్లా ఒక ముత్తాత.

ఒక రోజు నా కారు గ్యారేజీలో ఉంటే పాపం తన కారులో దింపుతానన్నాడు. ఎండ ఎలా ఉందంటే, మా పార్కింగులో అప్పడం పెడితే వేగడమే కాదు, ఇక రెండోవైపు తిప్పమని అడిగేట్టుంది. కారు కదలగానే ముసలాయన ముత్తాతను మొదలుపెట్టాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఏదో స్కాట్లాండు పల్లెలో కమ్మరి. నాగలి గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. కొలిమి దాకా వచ్చి, తిత్తి ఊదడం దాకా వచ్చి, రౌండబౌట్ దగ్గర మా కారు ఆగిపోయేసరికి ఆయన గురక కూడా మొదలైంది. నేను మా ఆవిడకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెబుతుంటే డ్రైవరు సీట్లోంచి మీసం వెనక్కి తిరిగింది.

"మీరు తెలుగోళ్ళా సార్?"

"అవునన్నా."

"అట్లయితే మిగతాది నేను చెప్తా వినండి. ముసిలాయప్ప లేసేదానికి ఇంకా టైముంది. యాడిదాక వచ్చినాడు? గుర్రం తన్నిందా?"

"ఇంకా తన్నలేదు."

"తంతాది. ఉండండి."

ఆ తర్వాత నేను విన్నదాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. స్టీరింగు పట్టుకుని, అరబ్బీ హారన్ల మధ్య, కడప తెలుగులో ఒక స్కాట్లాండు కమ్మరి వంశం మొత్తం చెప్పుకొచ్చాడు. ఆ కమ్మరి పేరు డంకన్. మా అన్న నోట్లో ఆయన డంకన్న తాత.

"ఆ ఊర్లో వాన నిలబడేది పండగలప్పుడేనంట సార్. అన్ని వానలు పడే ఊర్లో మనిషి ఎట్ల బతుకుతాడో, అసలు పడని మా ఊర్లో మేమెట్ల బతికినామో, రెండూ నాకు అర్థం కాలే. సరే, డైసీ అని ఒక ఆడగుర్రం. మంచిదే. డంకన్న తాత ఆ పొద్దు తొందరలో ఉండి, అది కాలు ఇయ్యకముందే గుంజినాడు. తన్నింది సూడు, దవడ పక్కకు పోయింది. ఆ పొద్దునుంచి చచ్చేదాకా నోటికి ఒక పక్కనే మాట్లాడినాడు. తక్కిన పక్క మాటలన్నీ పెండ్లాం మాట్లాడేది."

"మరి గుర్రాన్ని ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు సార్? దవడకు గుడ్డ కట్టుకోని నాలుగు కాళ్ళకూ లాడాలు కొట్టి పంపిచ్చినాడు. తప్పు దానిది కాదు గదా. కాలు అదే ఇయ్యాల, మనం గుంజకూడదు."

ఈ మాట ఆయనకు సర్వరోగ నివారిణి. పక్క లైనులోకి దూరాలన్నా, మా ఇంట్లో ఊరగాయ సీసా మూత బిగుసుకుపోయినా, వీసా ఆఫీసులో గుమస్తా తల ఎత్తకపోయినా ఇదే మాట. సీసా మూత దగ్గర ఆయన కూర్చుని ఎదురుచూసిన తీరు చూస్తే అదే జాలిపడి తిరిగి వచ్చేస్తుందేమో అనిపించేది.

తక్కిన వంశం ఇదీ. డంకన్న పెద్ద కొడుకు ఓడెక్కి సముద్రంలో పోయాడు. రెండోవాడు కెనడా వెళ్ళి మళ్ళీ కబురు పెట్టలేదు. చిన్నవాడు కొలిమి పట్టుకున్నాడు, కానీ గుర్రాలు తగ్గి సైకిళ్ళు బాగుచేసుకున్నాడు. వాడి కొడుకు కొలిమి ముందు పెట్రోలు పంపు పెట్టాడు. ఆ పంపు ఆయన కొడుకే ఈ ముసలాయన.

"డంకన్న తాత పొట్ట కొట్టింది ఈ పెట్రోలే సార్," అన్నాడు అన్న, అద్దంలోంచి నిద్రపోతున్న ముసలాయన్ను చూస్తూ. "మళ్ళా ఆ పెట్రోలు తోడనీకే ఈయప్ప ఇంతదూరం వచ్చినాడు. పాపం డంకన్న తాతకు ఈ సంగతి తెలీదు. తెలిస్తే ఆ సగం నోరు కూడా మూసుకునేవాడు."

అప్పటినుంచి శుక్రవారాలు ఆయన భోజనం మా ఇంట్లో. ఆయన ఇంగ్లీషంతా ముసలాయన దగ్గర నేర్చుకున్నదే కావడంతో అందులో స్కాట్లాండు రేఫలు రాళ్ళబండిలా దొర్లేవి. కడప వాడు కనక ఆ దొర్లించడం ఇంకా బాగా కుదిరింది. మా అమ్మాయి స్కూల్లో బ్రిటన్ నుంచి వచ్చిన టీచరమ్మ ఒకసారి ఆయనతో మాట్లాడి, స్కాట్లాండులో మీది ఏ ఊరండీ అని ఆనందంతో అడిగిందట. "కడప" అన్నాడట ఈయన. అది ఏ కొండల్లో ఉంటుందని ఆవిడ వాకబు చేసిందట.

ఒక శుక్రవారం నిజామాబాదు మిత్రుడొకడు మా ఇంటికి వచ్చాడు. బిర్యానీ తిని సోఫాలో వాలాడు. వాలినవాడి కాలు అన్న చేతికి చిక్కింది. నాడా ఎలా కొడతారో చూపించాలని బుద్ధి పుట్టి, వాడికి వీపు తిప్పి నిలబడి, ఆ కాలు రెండు మోకాళ్ళ మధ్య బిగించి, అన్నం గరిటె సుత్తిగా పట్టుకున్నాడు.

"అన్నా, ఇడువు! నేనేమన్న గుర్రాన్నా? నాకు పెండ్లాం పిల్లలున్నరు!"

"గుర్రానికీ ఉంటారు తమ్ముడూ. కదలొద్దు. మేకు పక్కకు పోతే కుంటుతావు."

"వదినా, జర చెప్పు వదినా!"

మా ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "అన్నయ్యా, రెండోదానికి కూడా కొట్టేయండి, మళ్ళీ మళ్ళీ ఎందుకు," అంది. వదిలేసరికి ఆ కాలు రెండోదానికంటే జానెడు పొడుగైంది. వాడు ఇప్పటికీ ఒక వైపు ఎత్తుగా నడుస్తాడు.

నవ్వుల రోజులు అంతవరకే.

ముసలాయనకు మరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు, తర్వాత ఆఫీసు అంతస్తు. అవి పోతే ఎవరూ బాధపడలేదు. ఒక ఉదయం నేను కూడా కారులో ఉండగా ముత్తాత కథ ఎత్తుకుని కెనడా వెళ్ళిన కొడుకు దగ్గర ఆగిపోయాడు. నోరు తెరిచి, ఆ వెళ్ళినవాడు ఎటు వెళ్ళాడో వెతుక్కుంటూ ఉండిపోయాడు. అన్న కారు పక్కకు తీసి ఆపి, "కెనడా సార్," అన్నాడు. ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. ఆ రోజునుంచి రోజూ పొద్దున్నే అదొక తంతు. ఆయన అడగడం, ఈయన అందించడం. దవడ ఎందుకు వంకర పోయింది? గుర్రం తన్నింది సార్. గుర్రం పేరు? డైసీ సార్. తప్పు ఎవరిది? తాతదే సార్, అడక్కుండా గుంజినాడు. అప్పుడు ముసలాయన నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే డ్యూటీ చేస్తున్నట్టుండేవాడు మా అన్న. ఈయనకూ పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఇద్దరు మగాళ్ళు, వాళ్ళను చూసుకోవడానికి ఎప్పుడో చచ్చిపోయిన ఒక కమ్మరి.

ఆ రోజుల్లోనే కడపలో అన్న నాయన పోయాడు. టికెట్ కొంటానని నేనన్నాను. ముసలాయన కూడా వెళ్ళమన్నాడు, మధ్యాహ్నానికి ఆ సంగతి మరిచిపోయి మళ్ళీ వెళ్ళమన్నాడు.

"నేను పోతే పొద్దున్నే ఆయప్పకు ఎవురు చెప్తారు సార్?" అన్నాడు అన్న. "ఒక్క దినం చెప్పకపోతే తెల్లారేటప్పటికి ఒక పేరు ఎగిరిపోతాండాది. మా నాయన ఎట్లాగూ పోయినాడు. ఆయన ఇంక పొయ్యేదేం లేదు."

పెద్దకర్మ రోజు ఉదయం మా ఇంట్లోనే స్నానం చేసి, తడి పంచెతో మా భోజనాల బల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మీద నా ఫోను. ఫోన్లో వాళ్ళ ఊరు, తమ్ముడు, పంతులుగారు. పెద్ద కొడుకు కనక పేర్లు ఆయనే చెప్పాలన్నారు.

"తండ్రి పేరు చెప్పు నాయనా." చెప్పాడు.

"తాత పేరు." చెప్పాడు. ఆ పేరే ఆయనకూ పెట్టారు కనక తెలుసు.

"ముత్తాత పేరు."

అన్న నోరు తెరిచాడు. ఆ చూపు నాకు తెలుసు. కెనడా దగ్గర ఆగిపోయిన ముసలాయన చూపు. ఇక్కడ అందించేవాళ్ళు ఎవరూ లేరు. ఫోన్లో తమ్ముడు తల దించుకున్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా మా ఆవిడ కదల్లేదు.

"డంకన్న," అన్నాడు అన్న.

పంతులుగారు ఒక్క క్షణం కళ్ళద్దాలు సర్దుకున్నాడు. తర్వాత ఆ పేరు మంత్రంలో పెట్టి చదివేశాడు. కడప జిల్లాలో ఒక అరటాకు దొన్నె పక్కన స్కాట్లాండు కమ్మరికి నువ్వులు, నీళ్ళు వదిలారు.

తంతు అయ్యాక తమ్ముడు ఫోను పక్కకు తీసుకెళ్ళి విరుచుకుపడ్డాడు. "ఎవుడు అన్నా ఆ డంకన్న? మన వంశంలో ఎప్పుడుండినాడు?"

"నీకు తెలుసునా మన ముత్తాత పేరు? చెప్పు."

తమ్ముడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏం పని చేసేవాడో తెలుసునా? ఎట్ల సచ్చినాడో తెలుసునా? యా గుర్రం తన్నిందో, యా ఎద్దు పొడిచిందో తెలుసునా?"

"తెలీదు."

"తెలీనప్పుడు డంకన్నే." ఫోన్ పెట్టేసి, తడి పంచెతోనే కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ పెట్టింది. తాగలేదు. "ఒకరింటి సంగతులన్నీ నోటికొచ్చినాయి సెల్లెమ్మా," అన్నాడు చివరికి. "మా ఇంట్లో అడగాలనే తోచలే. అడిగేటప్పటికి చెప్పేటోళ్ళు లేరు."

కంపెనీ ముసలాయన కాంట్రాక్టు ఆపేసింది. ఉద్యోగం లేకపోతే వీసా లేదు. ఖలాస్. ఆయన భార్య తరఫు దూరపు బంధువెవరో స్కాట్లాండులో ఒక వృద్ధాశ్రమంలో చోటు చూశారు. సాగనంపడానికి ఎయిర్‌పోర్టుకు నేను కూడా వెళ్ళాను. చక్రాల కుర్చీలో కూర్చుని ఆయన అన్న చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. కుర్చీ తోసే కుర్రాడు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. అన్న ఒక్కొక్క వేలే ఊడి వచ్చేదాకా ఆగాడు. గుంజలేదు.

లోపలికి వెళ్ళిపోతూ ముసలాయన మెడ తిప్పి, గుర్రం పేరేమిటి అని అరిచాడు.

అన్న జవాబు అరిచాడు. ఆ అరుపుకు విమానాల రాకపోకల బోర్డు వణికింది. పోలీసులు టోపీలు సర్దుకున్నారు. ఎడారిలో ఎక్కడెక్కడి గుర్రాలూ చెవులు నిక్కబొడిచి ఉంటాయి. ముసలాయన నవ్వు మాత్రం నేను పెంచడం లేదు. అది ఉన్నంతే ఉంది, అంతకంటే పెద్దది నాకు చేతకాదు.

అన్న అల్ వక్రాలో ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని స్కూలుకు దింపే పనిలో చేరాడు. శుక్రవారం మాత్రం మెట్రో ఎక్కి మా ఇంటికి వచ్చేవాడు. తిండి తర్వాత సంగతి, ముందు నా ఫోన్లోంచి ముసలాయనకు ఫోను. వృద్ధాశ్రమంలో నర్సమ్మ ఫోను పట్టుకునేది. అవతల ఆయన అన్నీ మరిచిపోయాడు. ఖతారు మరిచాడు, చమురు మరిచాడు, భార్యను కూడా మరిచాడు. మా అన్న ఎవరో కూడా తెలియదు. ప్రశ్నలు మాత్రం అడిగేవాడు. జవాబు వింటే నవ్వేవాడు. "కొలిమిలో ఒక్క నిప్పు మిగిలుండాది సార్," అనేవాడు అన్న. "వారానికొకసారి ఊదకపోతే అదీ పోతాది. నాకేం పని, ఊదుతాండా."

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం పిల్లల్ని తేవడానికి కారు కదల్లేదు. గది తలుపు తెరిచి చూశారు. ఏసీ నడుస్తోంది. మనిషి మంచం అంచున కూర్చుని, గోడకు ఆనుకుని, చేతిలో తాళాలతో ఉన్నాడు. గుండె అన్నారు. కడప పంపడానికి పెట్టె విమానం ఎక్కించిన రోజు నేను, నిజామాబాదు మిత్రుడు వెళ్ళాం. ఎంతెంత భవనాలో కొలిచినవాణ్ణి, ఆ పెట్టె వైపు చూసి ఎంత ఉందో చెప్పలేకపోయాను. మిత్రుడు తన కాలు వైపు చూసుకుని, "ఇంకొక్కసారి గుంజినా ఏమనకపోతుంటి అన్నా," అని ఏడ్చాడు.

తర్వాతి శుక్రవారం నా ఫోను మోగింది. స్కాట్లాండు. నర్సమ్మ. ఆయన ఎదురుచూస్తున్నారు, ఫోను రాలేదేమని గొడవ చేస్తున్నారు, అంది. చెప్పాను, డ్రైవరు పోయాడని. ఆయనకు చెప్పినా ప్రయోజనం లేదండి, మీకు ఆ జవాబులు తెలిస్తే చెప్పండి, అంది. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

దవడ ఎందుకు వంకర పోయింది? గుర్రం తన్నింది సార్. పెద్దవాడు ఎక్కడ పోయాడు? సముద్రంలో సార్. రెండోవాడు? కెనడా సార్. గుర్రం పేరు?

"డైసీ సార్," అన్నాను.

"అవును," అన్నాడు ఆయన. "అవునవును. డైసీ." నవ్వాడు. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పోనీలెండి, నిప్పు ఆరలేదు, అంది.

ఇక మొదట్లో మిమ్మల్ని తగ్గించుకోమన్నవి నేనే తగ్గించేస్తాను. మీసం లిఫ్టులో పట్టేది. అప్పడం మాట్లాడదు. మిత్రుడి కాళ్ళు రెండూ సమానమే. ఎయిర్‌పోర్టులో ఏ బోర్డూ వణకలేదు. కానీ ఇవన్నీ పెంచినవి, పుట్టించినవి కావు. డంకన్న నిజం, వంకర దవడ నిజం, నువ్వులు నీళ్ళు నిజం. నేను పుట్టించింది ఒక్కటే. ఆ గుర్రం పేరు డైసీ కాదు.

ఏమిటో నాకు తెలియదు. పైన అన్న నోట పలికించిన ప్రతి డైసీ నేను పెట్టిందే. కారులో విన్నాను, శుక్రవారం శుక్రవారం విన్నాను, ఎయిర్‌పోర్టులో అందరికీ వినబడేలా అరిచినప్పుడు పక్కనే నిలబడి విన్నాను. ఆ అరుపును రేపు ఎంత పెద్దది చేసి చెప్పాలా అని చూసుకుంటూ, అందులో ఉన్న పేరు వినలేదు. ఫోన్లో ఆయన అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగితే, తెలియదని చెబితే సరిపోయేది. నాకు ఆగడం చేతకాదు. గుంజాను. మా అమ్మాయి ఒకటో తరగతి ఇంగ్లీషు పుస్తకంలోంచి డైసీ ఊడి వచ్చింది. అది ఆవు పేరు.

కడపకు ఫోన్ చేశాను. "మీ అన్న ఎప్పుడైనా ఒక గుర్రం పేరు చెప్పేవాడా?"

"గుర్రమా?" అన్నాడు తమ్ముడు. "మాకు ఇంట్లోవాళ్ళ పేర్లే తెలీవు గదా సార్. మొన్న అన్న కర్మకు పంతులు మళ్ళా ముత్తాత పేరు అడిగినాడు. అన్న ఒకసారి చెప్పినాంక మారిస్తే బాగుండదని నేనూ డంకన్న అనే చెప్పినా. తప్పేం లేదు గదా సార్?"

లేదన్నాను.

నిన్న శుక్రవారం స్కాట్లాండు నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి ఆయన ఏమీ అడగలేదు. నేను హలో అనేలోపే, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా, తనంతట తనే చెప్పాడు. "డైసీ," అన్నాడు. మరిచిపోలేదు. ఎంత సంబరమో ఆయన గొంతులో.